ఈశ్వరరావు పడుగు

కార్తీకమాసపు పొగమంచులో పెడన చివరి చింతతోపు నీళ్లలో మునిగినట్టుంది. చెట్ల మొదళ్లు కనబడటం లేదు. కొమ్మలు మాత్రం దేనికీ అంటుకోకుండా గాలిలో తేలుతున్నట్టున్నాయి. ఈ చెట్టుకూ ఆ చెట్టుకూ చాపి కట్టిన తెల్లని నూలు పడుగు మంచులోంచి వచ్చి మంచులోకే పోతోంది. ఎక్కడ పుట్టిందో, ఎక్కడ ఇంకుతుందో తెలియని పంటకాలవలా ఉంది.

గోవిందరాజులు ఒక చేత్తో పడుగు అంచు పట్టుకుని వీధి వైపు చూస్తున్నాడు. భార్య సావిత్రి గంజికుండ దించి దాని పక్కనే గొంతుక్కూర్చుంది. మూత తియ్యలేదు. తీస్తే చల్లారుతుంది. చల్లారిన గంజి పోగుకు పట్టదు.

"వస్తారు లెండి. మంచు కదా," అంది.

పడుగుకు గంజి పెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు చెరో పక్కన నిలబడి గంజిలో ముంచిన కుంచెలతో దువ్వుతూ ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. వాళ్ల వెనకాలే మరో ఇద్దరు, ఆరీ ఆరని పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా విడదీస్తూ రావాలి. తెగిన పోగు అతికేందుకు ఒక నెమ్మదైన చెయ్యి ఉండాలి. కొసన తాడు బిగించేవాడు ఉండనే ఉండాలి. అందుకే ఆ వీధిలో ఎవరి పడుగైనా అందరి పడుగే. పిలుపులుండవు. తెల్లవారుతూండగా తోపులోంచి గంజి వాసన వస్తే చాలు, మొహం కడుక్కుని, చుట్ట ముట్టించుకుని ఒక్కొక్కరే వచ్చేస్తారు. కూలీ లేదు, అరువూ లేదు.

ఆ రోజు ఎవరూ రాలేదు.

మంచులో ఎవరో దగ్గారు. గోవిందరాజులు మెడ సాచి చూశాడు. ఆ దగ్గు కాలవ గట్టు మీదుగా దూరమైపోయింది. ఇంకెవరిదో చెప్పుల చప్పుడు తోపు దాకా వచ్చి ఆగి, వెనక్కి మళ్లింది. ఎవరో పోల్చుకోవడం కష్టం కాలేదు. ఆ వీధిలో అందరి నడకా అతనికి తెలుసు. తెలిసినందువల్లే మనసు ఎక్కువ కష్టపడింది.

ఆ ఏడాది మొదట్లో అసెంబ్లీ ఎలక్షన్లు వచ్చి చేనేత కార్మిక సంఘం నిలబెట్టినవాళ్లంతా వరసగా ఓడిపోయారు. మొన్న జరిగిన నేత సొసైటీ ఎలక్షన్లలో కూడా అదే అయింది. షావుకారు వెంకటపతి జట్టు గెలిచింది. ఆ సంఘానికి ఊళ్లో కార్యదర్శి గోవిందరాజులు. అతనితో పాటు చిన్నప్పటి నుంచి ఒకే గుంటలో కాళ్లు పెట్టి మగ్గం నేర్చుకున్న ఈశ్వరరావు, నామినేషన్ల చివరి రోజున వెంకటపతి జట్టులో పేరిచ్చి కమిటీ మెంబరయ్యాడు. ఆనాటి నుంచి శనివారం సాయంత్రాలు గోవిందరాజులు అరుగు మీద సంఘం మీటింగుకు పెట్టే లాంతరు వెలుగుతూనే ఉంది గానీ, దాని చుట్టూ పురుగులు తప్ప ఎవరూ చేరడం లేదు.

"ఇక మొదలెడదాం," అన్నాడు.

సావిత్రి మూత తీసింది. ఆవిరి లేచి మంచులో కలిసిపోయింది. ఇద్దరూ చెరో కుంచె పట్టుకుని నడిచారు. కుంచె పడుగు మీద జారే చప్పుడు, ఎండుటాకుల మీద పాదాల చప్పుడు, వాటితో పాటు ఊపిరి. కాసేపు అతనికి నిద్రలో నడుస్తున్నట్టే అనిపించింది. వెనక నలుగురు ఉన్నారనీ, ఎవరో పాత పరాచికం ఆడుతున్నారనీ, ఇంకెవరో నవ్వుతున్నారనీ అనిపించి వెనక్కి తిరిగి చూశాడు. పడుగొక్కటే ఉంది. వాళ్లు సగం దూరం పోయేసరికి మొదలు పెట్టిన చోట పోగులు అంటుకోవడం మొదలెట్టాయి. సావిత్రి కుంచె వదిలి వెనక్కి పరుగెత్తింది. ఆమె అక్కడ విడదీస్తుంటే ఇక్కడ అంటుకుంటున్నాయి. అతను ఇక్కడ చూస్తుంటే ఆ చివర తాడు వదులై పడుగు నేలకు వంగుతోంది. ఎండ వచ్చేసరికి మంచు విడిపోయి అంతా స్పష్టంగా కనబడింది. పడుగంతా గడ్డలు కట్టింది.

వెంకటపతి వచ్చింది అప్పుడే. కాలవ స్నానం చేసి తడి పంచె భుజాన వేసుకుని గట్టు దిగాడు. అరవయ్యేళ్ల మనిషి. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. పడుగు దగ్గర ఆగి, గడ్డ కట్టిన చోట రెండు వేళ్లతో తడిమి, నొచ్చుకున్నట్టు నాలుక చప్పరించాడు.

"ఇద్దరితో అయ్యే పనా రాజులూ ఇది? నాకు కబురు చెయ్యకపోయావా," అన్నాడు.

గోవిందరాజులు తాడు విప్పుతున్నాడు.

"ఎవరినీ వెళ్లొద్దని నేను అనలేదు. ఎవరి భయం వాళ్లది. నువ్వు ఇంకో పడుగు వేసుకో. నలుగుర్ని నేను పంపిస్తాను. శనివారం సాయంత్రం నీ అరుగు మీద ఆ లాంతరు పెట్టకు, అంతే. నన్ను పొగడమనీ అడగను, ఇంకొకర్ని తిట్టమనీ అడగను. లాంతరు లోపల పెట్టుకో."

ఆ మాటలో ఎగతాళి లేదు. అదే గోవిందరాజుల్ని తడబడేలా చేసింది. విప్పిన తాడు చుట్టుకోసాగాడు. వెంకటపతి సావిత్రి వైపు చూసి, జ్వరం తగ్గిందా అమ్మా అని అడిగి వెళ్లిపోయాడు. ఆమెకు పోయిన వారం జ్వరం వచ్చిన సంగతి ఆయనకు తెలుసు. గోవిందరాజులు ఆ రోజుల్లో ఊళ్లో లేడు.

*

మర్నాడు పొద్దుటి బండికి బందరు వెళ్లాడు. కోనేరు సెంటరు వెనక సందులో మేడ మీద గది సంఘం తాలూకా ఆఫీసు. ఒకప్పుడు ఆ మెట్ల మీద చెప్పులు విడిచే చోటు ఉండేది కాదు. ఇప్పుడు మెట్ల మీద పిల్లి పడుకుని ఉంది. గదిలో దైవాధీనం ఒక్కడే ఉన్నాడు. ఆయన మిషను బళ్లో పంతులు ఉద్యోగం వదిలి సంఘంలోకి వచ్చిన మనిషి. తలంతా నెరిసింది. నేల మీద చతికిలబడి, ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసుకుని, సైకిలు ట్యూబు కొంచెం కొంచెంగా ముంచుతూ బుడగలు ఎక్కడ లేస్తాయా అని చూస్తున్నాడు.

గోవిందరాజులు దారిపొడుగునా మాటలు కూర్చుకుని వచ్చాడు. ఊళ్లో పరిస్థితి ఇదీ, మనుషులు ఇలా మారిపోయారు, ఇంకొకరిని చూసుకోండి అని గౌరవంగా చెప్పాలనుకున్నాడు. తీరా చాప మీద కూర్చున్నాక నోట వచ్చింది ఒక్కటే ముక్క.

"ఇంక నా వల్ల కాదండీ."

దైవాధీనం తల ఎత్తకుండానే, "మానేస్తే మానెయ్యండి. తప్పేం లేదు. నేను రెండుసార్లు మానేశాను," అన్నాడు.

గోవిందరాజులు ఈ జవాబుకు సిద్ధపడి రాలేదు. "మరి మళ్లీ ఎందుకొచ్చారండీ?"

"ఇంట్లో ఊసుపోలేదండీ."

కిటికీలోంచి సముద్రపు గాలి వస్తోంది. పళ్లెంలో నీళ్ల వెలుగు పైకప్పు మీద ఆడుతోంది. దైవాధీనం ట్యూబు ఇంకొంచెం తిప్పి ముంచాడు. సాయంత్రం అవనిగడ్డ బస్సెక్కి, అక్కడ నుంచి సైకిలు మీద నాగాయలంక దిగువకు పోవాలని చెప్పాడు. అక్కడొక గూడెంలో మంచినీళ్ల గుంట ఉప్పబడిపోయిందట. జనం వాననీళ్లు కుండల్లో పట్టుకుని తాగుతున్నారట. వాళ్లు పిలిచారా అని గోవిందరాజులు అడిగాడు. లేదండీ, పోయినసారి కూడా పిలవలేదు, అక్కడ మనకి ఓట్లూ పడలేదు, అన్నాడు దైవాధీనం. ఏ బాధా లేకుండా, బస్సు వేళ చెప్పినట్టే చెప్పాడు.

బుడగ లేచింది. ఆయన ఆ చోట వేలు పెట్టి, అప్పుడు మొదటిసారి తల ఎత్తాడు.

"మీ వీధిలో రేపు ఎవరి పడుగండీ?"

గోవిందరాజులు నోరు తెరిచాడు. ఎంత ఆలోచించినా తట్టలేదు. సొసైటీలో ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో చెప్పగలడు. ఏ ఊళ్లో ఏ సభలో ఎవరేం మాట్లాడారో చెప్పగలడు. తెలియదండీ అన్నాడు. దైవాధీనం తల ఊపి, ట్యూబు తుడుచుకోవడానికి గుడ్డ వెతుక్కున్నాడు.

సాయంత్రం బండిలో కిటికీ పక్కన కూర్చుని గోవిందరాజులు కునికాడు. పక్క చేలల్లో వరి పాలు పోసుకుంటోంది. ఆ పాలవాసన రైలుపెట్టె అంతా నిండింది. కునికిపాట్లలో బందరు నుంచి పెడన దాకా రైలు పట్టాల పొడుగునా ఒకే పడుగు చాపి ఉన్నట్టు, ఈ కొస తన చేతిలో ఉన్నట్టు కనిపించింది. అవతలి కొసన పట్టుకున్నదెవరో చూద్దామని నడుస్తూ పోతున్నాడు, ఎంతకీ ఆ కొస రాదు. బండి ఆగిన కుదుపుకి మెలకువ వచ్చేసరికి వేళ్లు పిడికిలి బిగించి ఉన్నాయి.

ఇంట్లో సావిత్రి, పాడైన పడుగును నీళ్లతో తడుపుతూ ఒక్కొక్క పోగే విడదీస్తోంది. కొంతైనా దక్కుతుందని ఆమె ఆశ. అతను ఆమెకు ఎదురుగా కూర్చుని తనూ పోగులు విడదీయసాగాడు. రేపు తోపులో ఎవరి పడుగని అడిగాడు.

"ఈశ్వరరావు అన్నయ్యది."

"నీకెలా తెలుసు?"

"ఎవరికి తెలియదు?" అని ఆమె పోగు చివర పంటితో కొరికింది. "ఈ ఏడాది మీరెవరి పడుగుకు వెళ్లారో చెప్పండి. ఎప్పుడూ గుడివాడలో మీటింగు, లేకపోతే బందరు. మీ వాటాకి నేనే వెళ్లి పోగులు అతికొస్తున్నాను. నిన్న రానివాళ్లలో సగం మంది వెంకటపతి గారికి భయపడ్డారు. మిగతా సగం మందిదీ భయం కాదు. కినుక."

అతనికి కోపం వచ్చింది. తిరిగింది ఎవరికోసమని అడగాలనుకున్నాడు. వాళ్ల మజూరీ కోసం కాదా, వాళ్ల నూలు కోసం కాదా. కానీ ఆమె చేతులు ఆగలేదు, మాట పెంచాలనే ఉద్దేశం ఆ మొహంలో లేదు. ఆమె చెప్పింది నేరం మోపినట్టు లేదు. కొలిచి చెప్పినట్టు ఉంది. కోపం ఎటు పోవాలో తెలియక కాసేపు తిరిగి తిరిగి చల్లారిపోయింది.

*

శనివారం తెల్లవారుజామున గంజి వాసన అరుగు దాకా వచ్చింది. అతను మొహం కడుక్కుని బయల్దేరాడు. మంచు ముందుటి రోజుల కంటే పల్చగా ఉంది. తోపులో మాటలు వినిపిస్తున్నాయి. అతను చెట్ల మధ్యకు రాగానే అవి ఆగిపోయాయి.

పది పన్నెండు మంది ఉన్నారు. కొసన తాడు బిగిస్తున్న ఈశ్వరరావు ఒకసారి చూసి, మొహం తిప్పుకుని, ఇప్పటికే బిగిసిన ముడిని మళ్లీ బిగించాడు. కుంచెలు రెండూ ఇద్దరి చేతుల్లో ఉన్నాయి. ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ పొమ్మని కూడా అనలేదు. వెనక్కి వెళ్లిపోవడానికి అదే మంచి అదను. గోవిందరాజులు ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా. అప్పుడు పడుగు మధ్యలో, పోగులు అతికే చోట ఒంటరిగా ఉన్న గంగాదేవి కనబడింది. ఆమె ముసలిది. మొగుడు పోయాక నూలు కండెలు చుట్టి బతుకుతోంది. ఊళ్లో అందరికీ పిన్నే. పోగు కళ్లకు ఆనక వేళ్లతో తడుముకుంటోంది. అతను వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఇదిగో, ఇక్కడ తెగింది," అంది ఆమె, అతను రోజూ వచ్చేవాడైనట్టు.

తెగిన రెండు కొసలూ వేళ్ల మధ్య తీసుకుని, ఉమ్మి తడి చేసి, మెలిపెట్టి వదిలాడు. వేళ్లు మరిచిపోలేదు. మరొకటి తెగింది. ఇంకొకటి తెగింది. కుంచెలు వచ్చి పోతున్నాయి. అవి దాటినప్పుడల్లా పడుగు పొడుగునా చిన్న అల వచ్చి అతని చేతుల కింద నుంచి వెళ్తోంది. ఎవరూ అతనితో మాట్లాడలేదు. కాసేపటికి ఆ మౌనం కూడా మంచులాగే ఒంటికి అలవాటైంది. లోపల ఎన్నాళ్లుగానో మోగుతున్న సభల చప్పట్లు, లెక్కలు, వాదాలు ఒక్కొక్కటే దూరమైపోయి కుంచె చప్పుడు ఒక్కటే మిగిలింది.

గాలి తూర్పుకు తిరిగింది. ముందు ఆకులు కదిలాయి, తర్వాత సముద్రం వైపు ఆకాశం నల్లబడింది. చినుకొకటి గోవిందరాజులు చేతి మీద పడింది. అందరూ ఒకేసారి తల ఎత్తారు.

తడి గంజి మీద వాన పడితే పడుగు గతి అంతే. చుట్టేస్తే పోగులన్నీ ముద్దయిపోతాయి. ఈశ్వరరావు తాడు పట్టుకుని కొయ్యబారిపోయాడు. రైసుమిల్లు ధాన్యం కొట్టు ఖాళీగా ఉందని గంగాదేవి అంది. కోతలు ఇంకా మొదలవలేదు, అంత పొడుగు కప్పున్న చోటు ఊళ్లో ఇంకెక్కడా లేదు. ఎవరు ముందు కదిలారో ఎవరికీ గుర్తు లేదు. కొసలు విప్పారు. ఇటు ఈశ్వరరావు, అటు, తెగిన పోగుల వెంట ఆ చివరి దాకా వచ్చి ఉన్నవాడు కాబట్టి, గోవిందరాజులు పట్టుకున్నారు. మిగతావాళ్లు అడుగునుంచి అరచేతులు ఆనించి పడుగును చాపింది చాపినట్టే ఎత్తారు.

అలా బయల్దేరారు. పరుగెత్తకూడదు, ఆగకూడదు. ఒకరి అడుగు తప్పితే పడుగు మెలితిరుగుతుంది. మంచూ మబ్బూ కలిసిన ఆ మసక వెలుతురులో, సన్నటి చినుకుల కింద, తెల్లటి పడుగు వీధిలోకి తిరిగి, నీళ్ల మీద తేలుతున్నట్టు ఇళ్ల ముందు నుంచి సాగింది. అది వంగిన చోటల్లా గుమ్మాల్లోంచి ఎవరో ఒకరు దిగి వచ్చి చెయ్యి కలిపారు. నిన్నటి దాకా తలుపు ఓరగా వేసుకున్నవాళ్లు కూడా వచ్చారు. సావిత్రి కూడా వచ్చి మధ్యలో ఎక్కడో నిలబడింది. తన కళ్ల ముందు జరుగుతున్నదో, నిన్న బండిలో కన్న కలలో మిగిలిన ముక్కో గోవిందరాజులుకి తేలలేదు. ఈసారి అవతలి కొసన మనిషున్నాడు.

వాళ్లు కొట్టులోకి చేరడం, జోరున వాన కురవడం ఒక్కసారే అయ్యాయి. లోపల తాడు కట్టేందుకు స్తంభం గానీ కొక్కెం గానీ లేవు, నున్నటి గోడలే. కాబట్టి ఎవరూ వదలడానికి లేదు. ఇరవై ముప్పై మంది రెండు వరసల్లో ఎదురెదురుగా పడుగు పట్టుకుని నిలబడిపోయారు. రేకుల మీద వాన హోరుకి మాట వినబడే దారి లేదు. ఒకరి మొహం ఒకరు చూడక తప్పలేదు.

హోరు కాస్త తగ్గాక గంగాదేవి, ఎవరితోనో కాకుండా పడుగుతోనే అన్నట్టు అంది: "ఈసారి సొసైటీ ఇచ్చిన నూలు కట్టలో చిలప చుట్టలు తగ్గాయి. నా చేతులు ముసలివైపోయి అలా అనిపిస్తోందేమో అనుకున్నాను."

ఎదుటి వరసలో ఒకాయన, నాకూ తగ్గాయి పిన్నీ, అన్నాడు. నాకూ అంది ఆయన పక్కనున్న ఆవిడ. తూకం కూడా తక్కువ ఉందని మరొకరు అన్నారు. మాట పడుగు వెంట చేతులు మారుతూ వచ్చింది. ఒక్కొక్కరూ ఇంతకాలం తమ ఒక్కరికే జరిగిందనుకుని లోపల దాచుకున్నదే.

గోవిందరాజులు ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. ఇలాంటి చోట ఎలా మొదలెట్టాలో, ఏ మాట మీద గొంతు పెంచాలో అతనికి బాగా తెలుసు. సోదరులారా అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. ఎదుట నిలబడినవాళ్ల మొహాలు చూశాడు. వాళ్లు ఇంకా మాట్లాడుకుంటున్నారు. గాలి మెల్లగా వదిలేసి ఊరుకున్నాడు.

అప్పుడు అవతలి కొస నుంచి ఈశ్వరరావు గొంతు వినబడింది. "నాకూ తక్కువే వచ్చింది. కమిటీలో ఉన్నా తక్కువే."

ఆ మాటతో కొట్టంతా అతని వైపు తిరిగింది. గొడుగు వేసుకుని వెంకటపతి గుమ్మంలోకి వచ్చింది కూడా అప్పుడే. రెండు వరసల్నీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"ఏంటర్రా, మీటింగా?" అన్నాడు.

"పడుగు పట్టుకున్నాం బాబూ," అంది గంగాదేవి.

అది నిజమే. గుమ్మానికి దగ్గర్లో చేతులు చాలక పడుగు కొంచెం వంగి ఉంది. వెంకటపతి కూడా మగ్గం గుంటలో పుట్టి పెరిగినవాడే. ఆయన చెయ్యి తనకు తెలియకుండానే ఆ వంపు కిందికి వెళ్లి ఒక్క క్షణం ఎత్తి పట్టుకుంది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకుని, గొడుగు సర్దుకుని వానలోకి దిగిపోయాడు.

"ఇప్పుడేం చేద్దామంటావు రాజులూ?" అని ఎవరో అడిగారు.

"పిన్ని ఏమంటుందో అడగండి," అన్నాడు గోవిందరాజులు.

గంగాదేవి ఆలోచించింది. ఇది ఆరనివ్వమంది. ఆరాక ఎవరి నూలు వాళ్లు తీసుకుని అందరం సొసైటీకి పోదాం, మన ముందరే తూయమందాం, అంది. ఎవరు ముందు పోవాలన్నది ఎవరూ ఎత్తలేదు. పడుగు మళ్లీ కొంచెం జారింది. అవతల నుంచి ఈశ్వరరావు, ఎన్నాళ్ల తర్వాతో, "బావా, కాస్త లాగు," అన్నాడు. గోవిందరాజులు మడమలు నేలకు తన్నిపెట్టి వెనక్కి వాలాడు.

మధ్యాహ్నానికి వాన సన్నగిల్లింది. నూలు కట్టలు గుడ్డల్లో చుట్టి చంకన పెట్టుకుని సొసైటీ ముందుకు వెళ్లారు. పొద్దున వచ్చినంత మంది లేరు. కొందరు ఇంటి దగ్గరే ఆగిపోయారు, ఇద్దరు సగం దారిలో వెనక్కి తిరిగారు. గుమాస్తా కిటికీలోంచి చూసి, తక్కెడ మరమ్మతుకు బందరు వెళ్లిందనీ, ఎల్లుండి రమ్మనీ చెప్పి తలుపు దగ్గరగా వేశాడు. ఇంటికి పోదామని ఒకరిద్దరు కదలబోయారు. గంగాదేవి మోకాళ్లు పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. సావిత్రి ఆమె పక్కన కూర్చుంది. గోవిందరాజులు కింది మెట్టు మీద చోటు చూసుకున్నాడు.

ఈశ్వరరావు కనబడలేదు. జారుకున్నాడని ఎవరో మెల్లగా అన్నారు. గోవిందరాజులు తన నూలు కట్ట ఒళ్లోకి తీసుకున్నాడు. తడిసిన వీధి మీద ఎండా వానా కలిసి పడుతున్నాయి. ఊరంతా నిద్రలో ఉన్నట్టుంది, ఎక్కడో ఒక్క మగ్గం ఆడుతోంది.

వీధి మలుపులోంచి ఈశ్వరరావు వచ్చాడు. కిరాణా కొట్టు తక్కెడ కాడిలా భుజాన వేసుకున్నాడు. రాళ్ల సంచీ చేతిలో వేలాడుతోంది. అడుగు వేసినప్పుడల్లా పళ్లాలు రెండూ ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. మెట్ల దగ్గరికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా, కమిటీ మెంబరు తక్కెడ దించి పళ్లాల్లోని వాననీళ్లు వంచేశాడు.